1968 జీటీఓ ఇంజిన్ రీబిల్డ్: బయట ఫ్యాక్టరీ, లోపల మన ఇష్టం

పాత మజిల్ కార్ (పెద్ద ఇంజిన్ వేసిన పాతకాలపు అమెరికన్ కారు) ఇంజిన్ కిందికి దించారని తెలిస్తే చాలు, రెండు రకాల మనుషులు గ్యారేజీలో వాలిపోతారు. ఒకాయన ఒక్క బోల్టు మార్చినా బండి విలువ పోతుందంటాడు, ఇంకొకాయన ఈ పాత ఇనుము పక్కన పడేసి కొత్త ఇంజిన్ కొనుక్కొచ్చి వేసేయ్ అంటాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపేయండి. కంటికి కనిపించేదంతా ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే ఉంచొచ్చు, కనిపించని చోట ఈ కాలపు సామాను వేసుకోవచ్చు. ఇక వెనక్కి తీసుకోలేని పని అంటూ ఉంటే, అంటే కోయడం, చెరపడం, తొలచడం లాంటివి, అది ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. నేను ప్రతి నిర్ణయాన్నీ ఈ లెక్కలోనే చూస్తాను, కింద రాసిందంతా దాని వివరమే.

గాల్లో మాట్లాడకుండా ఒక బండి తీసుకుందాం: 1968 పోంటియాక్ జీటీఓ, 400 ఘనపు అంగుళాల వీ8, ఫ్యాక్టరీ లెక్కలో 350 హార్స్‌పవర్. దీన్నే ఎందుకంటే, పోంటియాక్ వాళ్లు ఆ కాలంలో 326 నుంచి 455 దాకా వీ8లన్నీ బయటికి దాదాపు ఒకే కొలతల్లో పోతపోశారు. షెవర్లేలో ఉన్నట్టు స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ అని రెండు జాతులు లేవు. లోపల ఎన్ని అంగుళాలు దాచారో బానెట్ ఎత్తి చూసినవాడికి తెలియదు. ఈ దాగుడుమూతలు ఈ బండికి పుట్టుకతో వచ్చినవే. 1964లో ఒక పత్రిక టెస్ట్ చేసి ఆహా ఓహో అన్న జీటీఓలో 389 బదులు 421 ఇంజిన్ ఉందని, దాన్ని ఏర్పాటు చేసిన, పోంటియాక్ ప్రచారం చూసుకున్న జిమ్ వాంగర్సే తర్వాత ఒప్పుకున్నాడు. మధ్యస్థాయి కార్లలో 400కి మించి వేయకూడదని పోంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ పెట్టుకున్న హద్దు 1970 మోడల్ దాకా నడిచింది. ఆ రోజుల్లోనే మిషిగన్‌లోని రాయల్ పోంటియాక్ డీలర్ 400 తీసేసి 428 వేసి ఇచ్చేవాడు. కాబట్టి లోపల కొంచెం పెంచితే ద్రోహం చేసినట్టేమో అని ఎవరూ మథనపడక్కర్లేదు.

ముందు కాగితాలు, నంబర్లు

స్పానర్ పట్టుకోకముందే ఇంజిన్ ఆ బండితో పుట్టిందో లేదో తేల్చుకోండి, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. పోంటియాక్‌లకు పీహెచ్‌ఎస్ అనే సంస్థ ఉంది, వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) పంపి ఫీజు కడితే ఫ్యాక్టరీ బిల్లింగ్ కాగితాల నకళ్లు ఇస్తుంది. ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ ఆప్షన్లతో బయటికొచ్చిందో అందులో ఉంటుంది. జీటీఓ వీఐఎన్ 242తో మొదలవ్వాలి.

ఇప్పుడు బ్లాక్ దగ్గరికి రండి. ముందువైపు, ప్యాసింజర్ పక్క హెడ్‌కి కింద రెండక్షరాల కోడ్ కొట్టి ఉంటుంది. 350 హార్స్‌పవర్ మాన్యువల్ అయితే డబ్ల్యూటీ, ఆటోమేటిక్ అయితే వైఎస్. 1968 నుంచి బ్లాక్ మీద వీఐఎన్‌లో కొంత భాగం కూడా కొట్టడం మొదలైంది, ఇది సరిపోతేనే నంబర్స్ మ్యాచింగ్ అనాలి. వెనకవైపు డిస్ట్రిబ్యూటర్ దగ్గర పోత తేదీ ఉంటుంది, ఏ అక్షరం జనవరి, బి ఫిబ్రవరి, అలా. హెడ్‌ల మీద మధ్య ఎగ్జాస్ట్ పోర్టుల పైన 16 అని పెద్దగా కనిపించాలి. పోత తేదీ బండి తయారైన తేదీకి కొన్ని వారాల ముందుండాలి, తర్వాత ఉంటే ఎవరో ఇంజిన్ మార్చారన్నమాట.

అన్నీ కలిస్తే జాగ్రత్తగా ఉండండి. కలవకపోతే నిజానికి అది శుభవార్త, మీ చేతులు విడిపోయినట్టే, విలువ గురించి టెన్షన్ లేకుండా నచ్చినట్టు కట్టుకోవచ్చు. ఎవరైనా పాత నంబరు చెరిపి కొత్తది కొట్టిస్తామంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి, అమ్మేటప్పుడు దాన్ని మోసం అనే అంటారు.

విప్పేటప్పుడు

ఇంజిన్ తిరుగుతుంటే విప్పకముందే ఎనిమిది సిలిండర్లకీ కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్‌లోంచి ఎంత గాలి కారిపోతోందో) రాసుకోండి. తర్వాత ప్రతి గొట్టం, ప్రతి క్లాంపు, ప్రతి వైరు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఫొటో తీయండి. బోల్టుల తలల మీద గుర్తులు కూడా పడాలి, షోల్లో జడ్జిలు అవే చూస్తారు. మెయిన్ క్యాప్‌లు, కనెక్టింగ్ రాడ్ క్యాప్‌లు ఒకదాని చోట ఇంకొకటి పడవు, వరస నంబర్లు లేకపోతే మీరే పంచ్‌తో వేసుకోండి. తీసిన ఏ భాగాన్నీ పారేయొద్దు. అరిగిన క్యామ్ (వాల్వుల్ని తెరిచే గుబ్బల కడ్డీ) అయినా సరే, నూనె పూసి, చీటీ కట్టి, పెట్టెలో పెట్టండి.

మెషీన్ షాపులో అసలు ప్రమాదం

ఒరిజినాలిటీ పోయేది ఇంట్లో కాదు, ఇక్కడ. షెవర్లే వీ8లో ఇంజిన్ నంబరు హెడ్ కూర్చునే డెక్‌కే ముందు కొసన ఉంటుంది, డెక్ సాపు చేసే కట్టర్ ఒక్కసారి అక్కడిదాకా వెళ్తే నంబరు, దాని కింద ఫ్యాక్టరీ గీతలు రెండూ పోతాయి, ఇక ఆ బ్లాక్ పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ నిరూపించలేరు. పోంటియాక్‌లో నంబరు ముందు ముఖం మీద ఉంది కాబట్టి డెక్ కోసినా దానికి ఏమీ కాదు. అయినా నేను అక్కడ మాస్కింగ్ టేప్ అంటించి, ఇక్కడ గ్రైండర్ గానీ సాండ్ బ్లాస్ట్ గానీ తగలకూడదు అని పని చీటీలో రాయిస్తాను. నోటిమాట చాలదు, మీ బ్లాక్ దగ్గర నిలబడేది మీతో మాట్లాడిన మనిషే అని నమ్మకం లేదు.

తర్వాత పగుళ్ల పరీక్ష, సిలిండర్ గోడల మందం కొలిచే సోనిక్ పరీక్ష చేయించండి. బోర్ చేయడం వెనక్కి తీసుకోలేని పని, బ్లాక్‌కి ఉన్న ఆయుష్షులో ఒక ముక్క కోసేయడమే. ఒరిజినల్ బోర్ 4.12 అంగుళాలు, అరుగుదల పోవడానికి 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సరిపోయి ఆ సైజు పిస్టన్లు దొరికితే అంతే చేయించండి, మామూలుగా 30 థౌ దగ్గర తేలుతుంది. ఒక్క సిలిండర్‌లోనే లోతైన గీత ఉంటే దాని కోసం ఎనిమిదింటినీ 60కి తీసుకెళ్లడం కంటే ఆ ఒక్కదానికి స్లీవ్ వేయించడమే నయం. హోనింగ్ (సిలిండర్ గోడని చివరగా సన్నగా అరగదీయడం) టార్క్ ప్లేట్, అంటే హెడ్ బదులు పెట్టే మందపాటి పలక, బిగించి చేస్తారా అని అడగండి. హెడ్ బోల్టులు బిగించినప్పుడు బోర్ కొంచెం వంకర పోతుంది, ఆ ఒత్తిడి మీదే హోన్ చేస్తే రింగులు గుండ్రంగా కూర్చుంటాయి. అలా చేయమంటే కాసేపు నవ్వి ఇంకో షాపు చూసుకోండి.

కింది భాగం: ఇక్కడ మొహమాటం వద్దు

పోంటియాక్ 400లో బలహీనమైన చోటు కనెక్టింగ్ రాడ్లు. అవి ఫోర్జింగ్ కాదు, పోత రాడ్లు, 6.625 అంగుళాల పొడవు. యాభై ఏళ్లు దాటి ఎన్ని కోట్లసార్లు సాగి ముడుచుకున్నాయో ఎవరికి తెలుసు! వాటికి కొత్త బోల్టులు వేయించి, రీసైజ్ చేయించడానికయ్యే డబ్బుకి ఇంకొంచెం కలిపితే అదే పొడవులో ఫోర్జ్‌డ్ రాడ్లు వస్తాయి. ఆయిల్ పాన్ లోపల ఏముందో ఏ జడ్జీ చూడడు, పైగా రాడ్ తెగితే బ్లాక్ పక్కనుంచి బయటికొస్తుంది, దాంతోపాటు మీరు ఇంత కష్టపడి కాపాడిన నంబర్లు కూడా చెత్తలోకే. అంటే ఇక్కడ కొత్త సామాను వేయడమే ఒరిజినాలిటీని కాపాడుకోవడం.

ఫ్యాక్టరీ క్రాంక్ పోతదే అయినా వీధి వాడకానికి చక్కగా సరిపోతుంది, జర్నల్స్ 10 థౌ గ్రైండ్ చేయించి వాడొచ్చు. లేదా 4.25 అంగుళాల స్ట్రోక్ క్రాంక్ వేస్తే, 4.155 బోర్‌తో 461 ఘనపు అంగుళాలు అవుతుంది, మెయిన్ జర్నల్ అదే 3 అంగుళాలు కాబట్టి అదే బ్లాక్‌లో పడుతుంది. బయటికి తేడా సున్నా. పాత క్రాంక్ పెట్టెలో భద్రంగా ఉంటే రేపు వెనక్కి మార్చుకోవచ్చు కూడా, బోర్ మాత్రం తిరిగి రాదు. వారాంతాల్లో ఊరి చుట్టూ తిరగడానికి నాకైతే 400 చాలు. హైవే మీద పొడుగు ప్రయాణాలు చేస్తూ ఎక్కువ రివ్స్ కొట్టకుండానే టార్క్ కావాలనుకునేవాళ్లకి 461 అర్థవంతమైన ఖర్చు. ఏది వేసినా తిరిగే భాగాలన్నీ కలిపి బ్యాలెన్స్ చేయించాల్సిందే.

కంప్రెషన్ లెక్క, కాగితం మీద

ఫ్యాక్టరీ బ్రోచర్‌లో కంప్రెషన్ నిష్పత్తి 10.75 అని ఉంటుంది, అంటే పిస్టన్ కిందున్నప్పటి మొత్తం ఖాళీ, అది పైకొచ్చాక మిగిలే ఖాళీకి ఎన్ని రెట్లో ఆ లెక్క. ఆ రోజుల్లో సీసం కలిపిన హై ఆక్టేన్ పెట్రోల్ దొరికేది. ఈరోజు అమెరికా బంకుల్లో దొరికేది 91 లేదా 93. (హైదరాబాద్ బంకులో కనిపించే 95తో దీన్ని పోల్చకండి, మన దగ్గర వేసేది రీసెర్చ్ ఆక్టేన్, అమెరికాలో వేసేది రెండు పద్ధతుల సగటు, అందుకే అమెరికా అంకె నాలుగైదు తక్కువగా కనిపిస్తుంది.) ఇనుప హెడ్‌తో 93 మీద నడిపే పోంటియాక్‌కి 9.3 దగ్గర ఆగడం క్షేమం. అంతకంటే పెంచితే ఎండాకాలంలో, లోడ్ మీద, టిన్ను డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్లని తినేది అదే.

లెక్క ఇలా చేయాలి. 30 థౌ పెంచితే బోర్ 4.15, స్ట్రోక్ 3.75, ఒక్కో సిలిండర్ 831 సీసీ వస్తుంది. ఇప్పుడు పైన మిగిలే ఖాళీ చూడండి: 16 నంబరు హెడ్ చాంబర్ 72 సీసీ అనుకుందాం (మీవి సిరంజితో కొలిపించండి, హెడ్ ఎప్పుడో మిల్ చేసి ఉంటే తగ్గి ఉంటుంది), 39 థౌ గాస్కెట్ 9.3, పిస్టన్ డెక్‌కి 20 థౌ కిందుంటే 4.4, పిస్టన్ మీద వాల్వ్ గుంటలు 6. మొత్తం 91.7. 831కి 91.7 కలిపి, 91.7తో భాగిస్తే 10.06 వస్తుంది. 9.3కి దిగాలంటే ఖాళీ 100 సీసీ కావాలి, అంటే ఇంకో 8.4. ఇక్కడ చాలామంది పెద్ద చాంబర్ ఉన్న తర్వాతి కాలపు హెడ్‌లు తెచ్చి వేస్తారు, అప్పుడు 16 అనే అంకె పోతుంది, బానెట్ ఎత్తగానే తెలిసిపోతుంది. ఆ పని చేయకండి. ఆ 8.4 సీసీని పిస్టన్‌లో పెట్టండి, 6 సీసీ బదులు సుమారు 14 సీసీ గుంట ఉన్న పిస్టన్లు ఆర్డర్ ఇవ్వండి, ఎవరికీ కనిపించదు.

461 కడితే ఈ లెక్క మరీ ముఖ్యం. సిలిండర్ 944 సీసీ అవుతుంది, అవే హెడ్‌లు, డెక్‌కి సమానంగా వచ్చే, 6 సీసీ వాల్వ్ గుంటలు మాత్రమే ఉన్న ఫ్లాట్ పిస్టన్లు వేస్తే కంప్రెషన్ 11.8 దాకా పోతుంది! దాన్ని 9.3కి దింపాలంటే 32 సీసీ గుంట కావాలి. పిస్టన్ కొన్నాక ఈ లెక్క చేసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

హెడ్‌లు, వాల్వులు

ఫ్యాక్టరీలో ఇన్‌టేక్ వాల్వ్ 2.11, ఎగ్జాస్ట్ 1.77 అంగుళాలు, వీధికి ఇవి చాలు. కొత్త గైడ్లు, మంచి వాల్వులు, మూడు కోణాల సీట్ కటింగ్, అంతవరకూ చేయించండి. సీసం లేని పెట్రోల్‌కి గట్టి సీట్లు వేయించాలా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఉన్న సీటు బాగుంటే, ఏడాదికి కొద్ది వేల మైళ్లు తిరిగే బండికి నేను వేయించను. సీటు కోసం తొలిచేటప్పుడు నీటి జాకెట్‌లోకి చిల్లుపడే ప్రమాదం ఉంది, తేదీ సరిపోయిన హెడ్ మళ్లీ దొరకడం కష్టం. సీటు ఇప్పటికే లోపలికి దిగిపోయి ఉంటే వేరే దారి లేదు, వేయించాలి.

రాకర్ల విషయం చాలామంది పట్టించుకోరు. ఫ్యాక్టరీ స్టడ్ కింద 7/16, పైన సన్నబడి 3/8 ఉంటుంది, నట్‌ని 20 ఫుట్-పౌండ్లకి బిగించి వదిలేయడమే, అడ్జస్ట్‌మెంట్ అనేదే లేదు. డెక్ కోశాక, హెడ్ మిల్ చేశాక, క్యామ్ మార్చాక లిఫ్టర్‌లో ప్రీలోడ్ (ముందే ఉండాల్సిన కొద్దిపాటి నొక్కుడు) ఎంత మిగిలిందో అదృష్టం. అందుకని పైదాకా 7/16 ఉండే స్టడ్లు, లాక్ అయ్యే నట్లు వేసుకోండి, పొట్టి రకం తీసుకోకపోతే ఒరిజినల్ వాల్వ్ కవర్‌కి తగలొచ్చు.

క్యామ్: చెవికి తెలిసేది

క్యామ్ కనిపించదు గానీ వినిపిస్తుంది. ఐడిల్‌లో దడదడలాడే క్యామ్ వేసి, ఇది ఒరిజినల్ 350 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే తెలిసినవాడు నవ్వుతాడు. మాన్యువల్ బండికి ఫ్యాక్టరీ వేసిన 068 క్యామ్ కొలతలు ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఐడిల్ మెత్తగా ఉంటుంది, కింది రివ్స్‌లో లాగుడు ఉంటుంది, బ్రేకులకి వాక్యూమ్ ఉంటుంది. 461కి అయితే కొంచెం పెద్దది వేసినా ఆ అదనపు అంగుళాలు దాన్ని మింగేసి ఐడిల్ నెమ్మదిగానే వినిపిస్తుంది.

ఫ్లాట్ లిఫ్టర్ క్యామ్ వేస్తే నూనె విషయంలో జాగ్రత్త. జింక్, ఫాస్ఫరస్ కలిసిన రక్షణ పొర లేకపోతే లోబ్ అరిగిపోతుంది, 2004లో వచ్చిన ఎస్ఎమ్ అనే నూనె ప్రమాణం పలచని గ్రేడ్ నూనెల్లో ఫాస్ఫరస్‌ని 800 పీపీఎమ్‌కి దించేసింది. సూపర్‌మార్కెట్ నూనె కాకుండా పాత ఇంజిన్ల కోసమే తయారుచేసినది కొనండి. ఈ తలనొప్పే వద్దనుకుంటే హైడ్రాలిక్ రోలర్ ఉంది. ఖర్చు ఎక్కువే, కానీ బయటికి కనిపించదు, తర్వాత వెనక్కి మార్చుకోవచ్చు. చేతిలో డబ్బుంటే నేను మొదట ఖర్చుపెట్టే చోట్లలో ఇదొకటి.

పైన కనిపించేవి

ఇన్‌టేక్ మానిఫోల్డ్ ముట్టుకోకండి. క్వాడ్రాజెట్ అనే కార్బురేటర్ కూర్చునే పోంటియాక్ ఇనుప మానిఫోల్డ్ బరువే గానీ గాలి బాగా తీసుకుంటుంది, అల్యూమినియంది వేసి బరువు తగ్గడం తప్ప వీధిలో పెద్దగా ఒరిగేది లేదు. క్వాడ్రాజెట్‌ని కూడా అనవసరంగా తిడతారు. థ్రాటిల్ షాఫ్ట్ అరిగిన చోట బుష్‌లు వేయించి, కింద కారే ప్లగ్‌లకి ఇపాక్సీ పెట్టిస్తే 750 సీఎఫ్ఎమ్ (నిమిషానికి 750 ఘనపు అడుగుల గాలి) కార్బురేటర్ అది, ఇంతకు మించి అక్కర్లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు ఉబ్బిపోతుంది కాబట్టి లోపలి కిట్, గొట్టాలు కొత్త రకంవి కావాలి.

ఎగ్జాస్ట్ దగ్గరే అసలు బేరం. ట్యూబ్ హెడర్లు పెడితే పవర్ వస్తుంది గానీ దూరం నుంచే కనిపిస్తాయి, వేడి, గాస్కెట్ లీకులు అదనం. రామ్ ఎయిర్ అనే ఎక్కువ పవర్ రకం బండ్లకి వచ్చిన పొడుగు కొమ్మల ఇనుప మానిఫోల్డ్‌ల నమూనాలో కొత్తవి దొరుకుతాయి. చూడ్డానికి ఫ్యాక్టరీ సామానే, ఊపిరి చాలా నయం. మీ ఒరిజినల్‌వి పెట్టెలోకి.

ఇగ్నిషన్‌లో డిస్ట్రిబ్యూటర్ అలాగే ఉంచి, క్యాప్ కింద పాయింట్ల చోట ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేసుకోండి. మాడ్యూల్‌కి నిండు 12 వోల్టులు కావాలి, ఫ్యాక్టరీ కాయిల్ వైరు కరెంటు తగ్గించే రెసిస్టెన్స్ రకం. దాన్నుంచే ఇస్తే బండి ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతుంది, తప్పంతా మాడ్యూల్ మీదకి పోతుంది. వేరే వైరు ఫ్యూజ్ బాక్స్ నుంచి తెచ్చి పాత హార్నెస్ టేపులోనే దాచేయండి.

నీళ్ల పంపు వెనక ఒక రేకు పలక ఉంటుంది. ఇంపెల్లర్ రెక్కలకి, దానికి మధ్య సందు ఎక్కువుంటే కొత్త రేడియేటర్ వేసినా పోంటియాక్ వేడెక్కుతూనే ఉంటుంది. పలకని జాగ్రత్తగా వంచి, తగలకుండా వీలైనంత దగ్గరికి తెచ్చుకోండి. పైసా ఖర్చు లేని పని.

బిగింపు

బేరింగ్ క్లియరెన్స్ మెషీన్ షాపు చెప్పిందని నమ్మకుండా మీరే చూసుకోండి. జర్నల్ మీద పచ్చటి ప్లాస్టిగేజ్ దారం ముక్క పెట్టి, క్యాప్ పూర్తి టార్క్‌కి బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పితే అది రిబ్బన్‌లా నలిగి ఉంటుంది, కవర్ మీది గీతలతో దాని వెడల్పు పోల్చాలి. మెయిన్స్‌కి 3 థౌ లోపు, రాడ్లకి 2 నుంచి 2.5 మధ్య ఉంటే నాకు తృప్తి. దారం ఒక కొసన వెడల్పుగా, రెండో కొసన సన్నగా నలిగితే జర్నల్ ఏటవాలుగా గ్రైండ్ అయినట్టు, మాట్లాడకుండా వెనక్కి పట్టుకెళ్లండి.

మెయిన్ క్యాప్‌లు 100 ఫుట్-పౌండ్లు, వెనకది 120, హెడ్ బోల్టులు 95, ఇన్‌టేక్ 40, బ్యాలెన్సర్ బోల్టు 160. కొత్త రాడ్లకి మాత్రం తయారీదారు ఇచ్చిన అంకె చూడాలి, పాత పుస్తకంలోని 43 పోత రాడ్లకి. వెనక మెయిన్ సీల్ తాడు రకం బదులు ఇప్పటి రబ్బరు రకం వేయండి, నేల మీద నూనె మరకని ఒరిజినాలిటీ అని ఎవరూ మెచ్చుకోరు.

రంగు ఆ ఏడాదికి తగ్గ లేత మెటాలిక్ నీలం. మరీ అద్దంలా మెరిసేట్టు కోట్ల మీద కోట్లు వేయకండి, ఫ్యాక్టరీలో అంత ఓపిక ఎవరికీ లేదు. గొట్టాలకి స్క్రూతో తిరిగే నేటి క్లాంపులు కాకుండా ఆ కాలపు టవర్ క్లాంపులు వేస్తే, చిన్న పనే గానీ, చూసేవాడి కన్ను ముందు అక్కడే పడుతుంది.

మొదటి స్టార్ట్

డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందు ప్రైమింగ్ రాడ్‌ని డ్రిల్‌కి తగిలించి ఆయిల్ పంపు తిప్పండి. పంపు పట్టుకోగానే డ్రిల్ ఒక్కసారి మూలిగి బరువెక్కుతుంది, ఎవరినైనా క్రాంక్ నెమ్మదిగా తిప్పమని, పదహారు రాకర్ల దగ్గరా నూనె వచ్చేదాకా ఆపొద్దు. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, డిస్ట్రిబ్యూటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, ఒకటో సిలిండర్ డ్రైవర్ వైపు ముందుది. క్వాడ్రాజెట్ గిన్నెలో పైనుంచే పెట్రోల్ పోయండి, స్టార్టర్ మీద ఎంత ఎక్కువ తిప్పితే కొత్త క్యామ్‌కి అంత చేటు.

అంటుకోగానే ఐడిల్‌లో ఉంచకుండా 2000కి తీసుకెళ్లి, ఫ్లాట్ లిఫ్టర్ క్యామ్ అయితే ఇరవై నిమిషాలు 2000, 2500 మధ్య ఆడిస్తూ ఉండండి. పక్కన ఒక మనిషి నూనె ప్రెషర్, టెంపరేచర్ చూస్తుండాలి. తర్వాత టైమింగ్: ఐడిల్‌లో 10 నుంచి 12 డిగ్రీలు, మొత్తం 34 నుంచి 36 దాటకుండా, 2800 దగ్గరికి అంతా వచ్చేయాలి. చల్లారాక నూనె, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్ డబ్బాని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడండి. బూడిద రంగు జిడ్డు, అక్కడక్కడ చిన్న మెరుపు ఉంటే అది అసెంబ్లీ గ్రీజు, రింగులు కూర్చున్న గుర్తు. అయస్కాంతానికి అంటుకునే ఇనుప రేకులు కనిపిస్తే మాత్రం బండి తీయకండి, ముందు వాల్వ్ కవర్లు విప్పి ఏ లిఫ్టర్ సరిగ్గా లేవడం లేదో వెతకండి.